మిషన్ చప్పుడు వినపడనంత దూరం

నర్సులు వేసుకునే తెల్ల గౌన్లు కుట్టే పని నాకు ఇంటికే ఇస్తారు. కత్తిరించిన గుడ్డ మూట వస్తుంది, కుట్టిన మూట వెళుతుంది. ఆ కుట్టిన మూటను విప్పి చూసేది చెకింగమ్మ. ఒక్కో గౌనునూ లైటు కింద పరిచి అరచేత్తో నిమురుతుంది. ఆ రోజు ఒక కాలరు దగ్గర ఆగి, గోళ్లతో ఒక నల్లవెంట్రుకను పైకి తీసింది.

"ఇది నీ తలది కాదు. నీ తల నెరిసి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు," అంది.

మా కుక్కదని ఒప్పుకున్నాను. దాని పేరు బొగ్గు. పేరు వినగానే ఆవిడకు నవ్వొచ్చింది కానీ మాట మాత్రం మార్చలేదు.

"ఆస్పత్రి బట్టలమ్మా ఇవి. ఇంకోసారి కనబడితే మూట నీ ఇంటికి రాదు. కుక్కో గుడ్డో తేల్చుకో."

నాకున్నది ఒక్క గది. పొయ్యి, మంచం, మిషన్ అన్నీ అందులోనే. బొగ్గు పడుకునేది మిషన్ కింద, నా కాళ్ల పక్కన. మిషన్ నడుస్తున్నంతసేపూ కదలదు. ఆగిందంటే లేచి నిలబడుతుంది. మిషన్ ఆగితేనే దానికి తిండి, ఆ తర్వాత వీధిలో తిరుగుడు. ఇది నేను నేర్పలేదు, దానంతటదే కనిపెట్టుకుంది.

గౌన్ల మీద దుప్పటి కప్పి చూశాను. రోజూ దువ్వి చూశాను. తలుపు బయట కట్టేస్తే మేడంతా దద్దరిల్లేలా అరిచింది. మా చెల్లెలు వచ్చి, నున్నగా గొరిగించమంది.

"మళ్లీ మొలవదూ?" అన్నాను.

"మొలిచేలోపు నాలుగు మూటలు కుట్టేసుకోవచ్చుగా."

ఇద్దరం కలిసి కత్తెర పట్టుకున్నాం. సగం ఒళ్లు అయ్యేసరికి బొగ్గు మంచం కింద దూరి మళ్లీ రాలేదు. ఆ పొట్టి వెంట్రుకలు పొడుగువాటికంటే పాడు. గుడ్డలో ముళ్లలా దిగిపోయాయి, గౌను గౌనూ దులపడానికే పొద్దు గడిచిపోయింది.

"ఎవరికైనా ఇచ్చెయ్యవే అక్కా. బావ గుర్తని పట్టుకు వేలాడుతున్నావు," అంది చెల్లెలు.

అదేం కాదు. మా ఆయనకూ దానికీ ఏనాడూ పడలేదు. ఆయన చెప్పులు కొరికేది, ఆయన దాన్ని తిట్టేవాడు. ఆయన పోయాక ఇంట్లో చెప్పులు కొరికే పని లేక అదీ నెమ్మదించింది. నాకు కావలసిందల్లా అది ఎక్కడో ఒకచోట కుదురుగా ఉండడం.

తీసుకుంటామన్నవాళ్లు ఇద్దరు. ఒకరు ఊరి చివర మొక్కలు పెంచి అమ్మే ఆవిడ. రెండు బస్సులు మారాలి. "ముద్దులాడను, ఒళ్లో పెట్టుకోను. వేళకి తిండి పెడతాను, తిరగడానికి బోలెడు చోటుంది. ఇష్టమైతే ఇవ్వు," అంది ఫోనులో. రెండోవాడు మా గది కిందనే సోఫాలు బాగుచేసే అతను. నన్ను అక్కా అంటాడు. బొగ్గును బంగారం అంటాడు.

"పై మెట్టు నుంచి కింది మెట్టుకి, అంతేగా అక్కా. దానికి ఇల్లు మారినట్టే ఉండదు. నీకు బెంగేస్తే దిగి చూసుకో," అన్నాడు. అప్పటికే కొత్త గిన్నె కొనేశాడు కూడా.

మొక్కలావిడకు వద్దని చెప్పి, సోఫా తమ్ముడికి ఇచ్చాను. గది కడిగాను. గౌన్లు తెల్లగా వెళ్లాయి. చెకింగమ్మ ఒక్కమాట అనలేదు.

బొగ్గు మాత్రం తినడం మానేసింది.

కొత్త కదా అన్నాడు సోఫా తమ్ముడు. నేనూ అదే అనుకున్నాను. తర్వాత తెలిసింది. నేల పలకల గుండా నా మిషన్ చప్పుడు కిందికి వినపడుతుంది. నడుస్తున్నంతసేపూ అది పీచు బస్తాల మధ్య పడుకుంటుంది. నేను ఆపగానే లేచి, తాడు అందినంత మేర వచ్చి మెట్ల కింద నిలబడి పైకి చూస్తుంది. కింది దారం అయిపోయి బాబిన్ మార్చడానికి ఆపినా లేస్తుంది, మంచినీళ్లకు ఆపినా లేస్తుంది. నేను రాను. మళ్లీ మొదలుపెడితే వెళ్లి పడుకుంటుంది. రోజంతా ఇదే లేవడం, ఇదే పడుకోవడం. ఎదురుచూసే తిండి వేరే అయినప్పుడు గిన్నెలో ఉన్నది ఎందుకు ముడుతుంది?

అందుకని ఆపడం తగ్గించాను. బాబిన్లు ముందే చుట్టి పెట్టుకున్నాను. తర్వాత గౌన్లు అయిపోయినా తొక్కుతూ కూర్చున్నాను. గుడ్డ లేకుండా తొక్కితే దారం చిక్కుపడుతుంది కాబట్టి దారం తీసేసి ఉత్తసూదితో తొక్కాను. ఒక సాయంత్రం చెల్లెలు వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏం కుడుతున్నావే అక్కా?"

"బాబిన్ చూస్తున్నా."

"ఇందాకట్నుంచీ కింద మాట్లాడుతూ నించున్నాను, చప్పుడు ఆగలేదు. ఇంతసేపు చూసే బాబినా అది? దారమేదీ? గుడ్డేదీ?"

"ఆపితే లేస్తుంది," అన్నాను.

"ఏది లేస్తుంది?"

తొక్కడం ఆపి కాళ్లు తీశాను. చెల్లెలు మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి వంగి చూసింది. వెంటనే వెనక్కి వచ్చేసింది.

"నన్ను చూసి తోక ఊపింది. తర్వాత నా వెనకాల నువ్వున్నావేమోనని చూసింది," అంది. మంచం అంచున కూర్చుని, "గాలిని కుట్టి ఎన్నాళ్లు నిద్రపుచ్చుతావు దాన్ని?" అంది.

దగ్గరుంటే మంచిదనుకున్నాను. ఎవరికి మంచిదో అప్పుడు ఆలోచించలేదు. మొక్కలావిడకు ఫోన్ చేశాను. "మొన్ననే ఇచ్చుంటే పోయేదిగా," అంది, అంతే.

సోఫా తమ్ముడికి చెప్పడం కష్టమైంది.

"అంటే నేను సరిగ్గా చూడలేదనా?"

"నువ్వు చూశావు. తప్పు నా మిషన్‌ది."

"అయితే మిషన్నే పంపెయ్యి ఊరవతలికి," అని సోఫా వైపు తిరిగి మేకులు పీకడం మొదలుపెట్టాడు. తాడు నేనే విప్పుకున్నాను.

రెండు బస్సులు మారి వెళ్లేసరికి మొక్కలావిడ మోచేతుల దాకా మట్టితో ఉంది. బొగ్గు కుండీల వరసలో ముక్కు పెట్టి వాసన చూసుకుంటూ పోయింది. సగం గొరిగిన దాని ఒంటిని చూసి ఆవిడ, "ఇదేం అవతారం?" అంది. చెప్పాను. నవ్వలేదు.

"చూడ్డానికి వస్తావా?"

"రాను."

"నేనూ అదే చెబుదామనుకున్నాను. వస్తే దానికి మళ్లీ మొదటికొస్తుంది."

తాడు ఆవిడ చేతికిచ్చాను. బొగ్గు తలెత్తి నన్ను చూసింది. ఏమైనా అంటే నిలబడిపోతుందని ఏమీ అనలేదు. గేటు నేనే వేసి బస్సు కోసం నడిచాను. వెనక అరుపు వినబడింది. ఆగలేదు.

ఆ తర్వాత మిషన్ ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఆపాను. సోఫా తమ్ముడు ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. కొత్త గిన్నె గోడవారగా అలాగే ఉంది.

రెండు రోజులు పోయాక మొక్కలావిడ ఫోన్ చేసింది.

"మొదట్లో ముట్టలేదు. ఇవాళ సగం తింది. ఇంకేమైనా అడగాలా?"

"ఏం లేదు," అన్నాను.

కిందికి దిగాను. సోఫా తమ్ముడు వీపు నాకేసి పెట్టి పీచు కూరుతున్నాడు.

"తిందట," అన్నాను.

చేతులు ఆగలేదు. పీచు కూరాడు, గుడ్డ లాగాడు, మేకు కొట్టాడు. నేను మెట్టెక్కబోతుంటే అడిగాడు.

"ఎంత తిందట?"

"సగం."

ఇంకో మేకు నోట్లోంచి తీసి, కొట్టకుండా చేతిలో పట్టుకున్నాడు.

"ఇక్కడ అదీ తినలేదు," అన్నాడు.