రెండో వైపు చివరి పాట

నేను ఒక పాటల రికార్డును. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఉదయం కాకినాడ పంపడానికి నన్ను కవరులోంచి బయటికి తీసినప్పుడు, నా రెండో వైపు చివరి పాట మీద ఎవరో మేకుతో గీసిన గీత గదిలోని పదకొండు మందికీ ఒకేసారి కనబడింది.

 శ్రోతల సంఘం నడిపే జోగారావు గారు నన్ను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు. గీత అంగుళం పొడవుంది. చేయి వణక్కుండా, నిదానంగా గీసిన గీత. పొరపాటున పడేది అలా ఉండదు.

"రికార్డుల బీరువా తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది" అన్నారాయన.

అందరి కళ్లూ హైమవతి గారి వైపు తిరిగాయి.

ఎవరు గీశారో నాకు తెలుసు. కానీ నాలో ఉన్నవి పాటలే; సాక్ష్యం చెప్పే మాట ఒక్కటీ లేదు. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

నేను పుట్టింది స్వీడన్‌లో, కిటికీ అద్దాలకు మంచు పట్టే ఒక ఊళ్లో. నల్లటి ప్లాస్టిక్ గుళికలను కరిగించి ముద్ద చేసి, రెండు లోహపు పలకల మధ్య పెట్టి నొక్కారు. మీ ఇళ్లలో ఒక అప్పడం ఒత్తేటంత సేపు. ఆ కాస్త సేపట్లోనే బ్రిట్టా లిండెల్ అనే గాయని గొంతు నాలోకి దిగిపోయింది. ఒక వైపు జాజ్, రెండో వైపు బ్రెజిల్ వాళ్ల బోసానోవా అనే మెత్తటి పాటలు. మంచుదేశపు మనిషి ఎండదేశపు పాటను తనది కాని భాషలో పాడింది. ఆమె గొంతెత్తదు. పక్కన కూర్చున్న ఒక్కరికే చెబుతున్నట్టు మంద్రంగా, లోగొంతుకతో పాడుతుంది. వెనకాల మనిషంత ఎత్తున్న తీగల వాయిద్యం ఒకటి, బరువుగా అడుగులు వేస్తూ వస్తుంది. చివరి పాటలో మాత్రం అదీ లేదు, మాటలూ లేవు. ఒక వేణువు, దాని పక్కనే పై స్థాయిలో సన్నగా ఆమె కూనిరాగం.

నన్ను కొన్న ఒక ఓడ రేడియో ఆఫీసరు తనతో సగం ప్రపంచం తిప్పి, విశాఖ రేవులో ఒక అరటిగెలకు మార్చేసుకున్నాడు. పళ్లవాడు నన్ను కొన్నాళ్లు బుట్ట మీద మూతగా వాడాడు. అక్కడి నుంచి పాత సామాన్ల కొట్టుకు వచ్చి, కుట్టుమిషనుకూ ఇస్త్రీపెట్టెకూ మధ్య ఇరుక్కుని ఉండగా జోగారావు గారి కంట పడ్డాను.

ఆయన ఓడరేవులో గుమస్తాగా రిటైరైన మనిషి. పాత పోస్టాఫీసు దగ్గర ఒక మేడ మీది గదిలో ఆదివారం శ్రోతల సంఘం నడుపుతారు. నియమం లేకపోతే ఆయనకు టీ కూడా రుచించదు. రికార్డు తిరుగుతున్నంత సేపూ అందరూ కళ్లు మూసుకోవాలి. తరవాత పేరు రాయకుండా ఒక చీటీ మీద అభిప్రాయం, పదికి ఇన్ని అని మార్కులు రాసి, మడిచి, ఆ రికార్డు కవరులోనే వేయాలి. కార్తీకంలో ఒక ఆదివారం చీటీలన్నీ విప్పుతారు. అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చిన రికార్డును కాకినాడలోని స్నేహితుల సంఘానికి ఇచ్చేస్తారు. వాళ్లు తమకు అన్నిటికంటే నచ్చినది ఇక్కడికి పంపుతారు. తక్కువరకం పంపితే మర్యాద కాదట. మచ్చ పడ్డది అసలే పంపకూడదట. నచ్చినదాన్ని ఎంత పొగిడితే అంత తొందరగా పోగొట్టుకునే ఏర్పాటు చేసుకుని దానికి మర్యాద అని పేరు పెట్టగలిగింది మనుషులొక్కరే.

అయినా నవ్వలేను. ఆ ఏడాది నా కవరులో పడ్డ చీటీలు అలాంటివి. ఆ ఉదయం జోగారావు గారు ఒక్కొక్కటే విప్పి చదివారు.

"భాష తెలియదు. తెలిస్తే ఇంత బాగుండేది కాదేమో."

"పోటు తగ్గే వేళ రేవులో నీళ్లు ఇలాగే ఊగుతాయి. ఆవిడ మన సముద్రం చూసిందా?"

"చివరి పాట విన్నాక మా ఆవిడతో మూడు రోజుల పోట్లాట మానేశాను. ఎందుకో అడగొద్దు."

చాలా చీటీలు ఆ చివరి పాట గురించే. "వేణువు ఎక్కడ ఆగిందో, గొంతు ఎక్కడ మొదలైందో పట్టుకోలేకపోయాను" అని ఒకరు. "ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను" అని ఒకరు. నాలో ఉన్నది సన్నని గాడి, అంతే. ఆ గాడి వెంట ఒక సూది నడిస్తే, ఎన్నడూ చూడని మనిషి గొంతుకు విశాఖలో ఒకాయన ఇంట్లో పోట్లాట ఆగిపోయింది. ఇది ఎలా జరుగుతుందో నన్ను తయారుచేసినవాళ్లకూ తెలియదు.

ఒక్క చీటీలో మాత్రం సున్నా ఉంది. "ఉప్పు లేని చారు. కాకినాడోళ్ల దగ్గర పరువు పోద్ది. పంపకండి."

"ఇది నాయుడి రాతే" అన్నారెవరో. అందరూ నవ్వారు. దాలినాయుడు గారు కూడా అందరి మొహాలూ చూసి కాస్త ఆలస్యంగా నవ్వారు. ఆయన రేవులో ఓడలను లాగే టగ్గు పడవ ఇంజను నడిపిన మనిషి. జోగారావు గారు చీటీల కట్టను చేతికిస్తే, కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. మార్కులు నాకే ఎక్కువని తేలి నన్ను బయటికి తీశారు; గీత బయటపడింది అప్పుడే.

"పోయిన ఆదివారం దీన్ని తుడిచే వంతు ఎవరిది?"

"నాదే" అన్నారు హైమవతి గారు. ఆమె టెలిఫోను ఎక్స్చేంజిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారు. సంఘం పెట్టిన నాటి నుంచీ బీరువా ఆమె చేతుల్లోనే ఉంది.

"మధ్యలో ఇంకెవరైనా ముట్టుకున్నారా?"

ఆమె కొంగుముడిని వేళ్లతో తడుముకున్నారు.

"రూలు మీకూ తెలుసు. తాళం ఉన్నవాళ్ల చేతిలో రికార్డు పాడైతే తాళం ఇచ్చేసి సంఘం వదిలి వెళ్లాలి. చెప్పండి హైమవతి గారూ. ఊరందరికీ లైను కలిపారు, ఇవాళ మీది కలవడం లేదేమిటి?"

"లైను బిజీగా ఉంది జోగారావు గారూ" అన్నారామె.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆమె కొంగుముడి విప్పి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. ఈ గది తప్ప ఆమెకు ఆదివారం లేదని అక్కడ అందరికీ తెలుసు.

పోయిన ఆదివారం ఆమె టీ గ్లాసులు కడగడానికి లేచినప్పుడు, "మీరెల్లండమ్మా, నాను తుడుస్తాను" అని నన్ను అందుకున్న చేయి ఎవరిదో ఆమె మరిచిపోలేదు. ఆ మనిషి ఎవరితో మాట్లాడినా కళ్లు కాక పెదవులే చూస్తాడని కూడా ఆమె ఎప్పుడో కనిపెట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు గొంతులతో బతికిన మనిషికి, ఎవరికి వినబడుతుందో ఎవరికి వినబడదో చెప్పాలా?

నేను ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉన్నాను. తాళంచెవి హైమవతి గారి కొంగునే ఉంది. చివరి పాట దగ్గర సూది ఎగిరి వెనక్కి పడుతుంది. అయినా ఆ పాట పెట్టమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. విన్నదాన్ని మార్చకుండా చెప్పడం మా జాతి గుణం. అందుకని ఆ ఉదయం విన్నది విన్నట్టే చెబుతాను. దాలినాయుడు గారు చీటీలు చదవడం ముగించి, కళ్లజోడు తీసి, తాళంచెవిని హైమవతి గారి వైపు జరిపి, ఇంజను గదిలో మాట్లాడినట్టు పెద్ద గొంతుతో అన్నారు:

"తాళం తీసుకోండమ్మా. నానే గీసినాను. ఇంజను పక్కన నిలబడి నిలబడి నా సెవులు పోనాయి. పాటలినీ సోట సెవిటోడికేటి పనంటారని సెప్పలేదు. ఇన్నాళ్లూ జోగారావు బాబు సీటీలోకి తొంగిసూసి రాసినాను. మీరు ఏ రికార్డు ఏసినా ఎక్కడో దూరాన గిన్నెలు తోమినట్టుంటాది నాకు. సన్నటి గొంతులు అసలే అందవు, ఇంట్లో మనవరాలు మాటాడితే నోరాడతాది, అంతే. ఈ మడిసొక్కతే. ఈమె లోగొంతుక, ఆ పెద్ద వాయిద్యం నడక, అవి రెండూ నా సెవిలోకొచ్చినాయి. ఏడేళ్లయింది పాట ఇని. ఇది కాకినాడ ఎల్లిపోతే మళ్లీ నాకేటుంది? సున్నా ఏసినాను. ఒక్క సున్నాతో ఆగదని తెలిసి, మచ్చ పడితే పంపరు గదాని గీసినాను. కానీ పాట మీద గియ్యలేదమ్మా, ఒట్టు. ఏ పాటా పాడవకూడదని వారం వారం ఎతికి ఎతికి ఆ సివరి జాగా సూసుకున్నాను. సూది నడుస్తాది, నాకేటీ రాదు. మీరంతా కళ్లు మూసుకునుంటారు, మీ మొగాలు సూసి తెలుసుకుందారన్నా కుదరదు. ఇప్పుడీ సీటీలు సదివితే తెలిసింది. అక్కడ పాటుందని నాకు తెలవదు. ఖాళీ జాగా అనుకుని గీసినాను."