ఎవరికీ చెప్పని ఆరు నెలలు

బీడీ కార్ఖానా వరండాలో వరుసగా కూర్చొని ఉన్నాం, అది కార్ఖానాయేనా లేక దవాఖానా బయట చీటీల కోసం కూర్చున్న వరుసా అని ఆలోచించేలోపే పైకప్పు లేకుండా పోతుంది, తునికి చెట్ల మధ్య మసక ఎండలో చాటలు ఒళ్లో పెట్టుకొని ఎంతోమంది ఆడవాళ్లం, అందరి కొంగులూ ముఖాలకు అడ్డంగా ఉన్నాయి. నా పక్కన లసుంబాయక్క బీడీలు చుడుతోంది. ఆమె పోయి ఏడాది దాటింది, ఆ సంగతి నాకు కలలో కూడా తెలుసు, కానీ చనిపోయిన మనిషి పని చేసుకుంటుంటే మధ్యలో ఆపి అడగడం మర్యాద కాదనిపించి నేను కూడా ఆకు కత్తిరిస్తూ కూర్చుంటాను.

"అక్కా, ఆ బీడీలు ఎవరియి?" అని మాత్రం అడుగుతాను.

"నీయే," అంటుంది తల ఎత్తకుండా. "ఇయ్యాల నీకు చేతులు వణుకుతున్నయ్ గదా, గంగామణీ."

వణకడం లేదని చూపిద్దామని చేతులు చాపితే నిజంగానే వణుకుతాయి, పదహారేళ్ల కిందటి చేతులవి, ఎముకలు తప్ప ఏమీ లేని చేతులు. అప్పుడు నాకు టీబీ. మా ఆయన గల్ఫ్‌లో పని దొరక్క తిరుగుతున్నాడు, ఇల్లు నా బీడీల మీదే నడుస్తోంది. పని తగ్గితే బీడీ కార్మికురాలి కార్డు పోతుంది, రోగం సంగతి బయటపడితే ఏజెంటు నా చేతి బీడీలు ముట్టడు, మా అత్త నన్ను చెంబుతో సహా వేరు పెడుతుంది. లసుంబాయక్క మా గల్లీకి ఆశా వర్కరు. రోజు విడిచి రోజు వచ్చి, గోలీలు మింగించి, నోరు తెరిపించి చూసి వెళ్లడం వరకే ఆమె పని. ఆమె మాత్రం చంకలో తన చాట కూడా పెట్టుకొని వచ్చేది, పనికి తోడు కూర్చుంటానని మా అత్తతో చెప్పేది, నేను గోడకు ఒరిగి ఆయాసపడుతుంటే నా బీడీలు తాను చుట్టేది. ఆరు నెలలు అలాగే చేసింది. మందు ఇచ్చేవాళ్లను చాలామందిని చూశాను గానీ, మందు మింగేదాని కూలి పని కూడా నెత్తిన వేసుకున్న మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

వెనక వరుసలో ఎవరో దగ్గుతారు. లసుంబాయక్క చేయి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది.

నేను ఏడాదిగా మింగలేక కక్కలేక ఉన్న మాట అప్పుడే బయటికి వస్తుంది. "అక్కా, ఆఖరికి నువ్వు గూడ బాగ దగ్గినవంట. నా రోగమే అంటిందా నీకు?"

ఆమె నవ్వుతుంది, పొగాకు దుమ్ము పట్టిన పళ్లతో నిండుగా నవ్వుతుంది. "నాకు గుండె ఆగింది పిల్లా. అన్నిటికి నువ్వే కారణం అనుకుంటె ఎట్ల, గంత సీను లేదు నీకు."

ఆ నవ్వుకు గాలి వచ్చిందో, గాలికే నవ్వు వచ్చిందో, వరుసల్లో కొంగులు ఒక్కొక్కటే జారిపోతాయి. ఎదురింటి సత్తెమ్మ, కిరాణా కొట్టు భూదేవి, నా బీడీలు మెత్తగా ఉన్నాయని ఎప్పుడూ వంకలు పెట్టే మల్లుబాయి, అందరూ మా గల్లీ వాళ్లే, అందరి చేతుల్లోనూ అవే గోలీలు. లసుంబాయక్క పోయిన రోజు మా గల్లీ ఆడవాళ్లంతా గుండెలు బాదుకొని ఏడ్చారు, సొంత మనిషి కాని ఆమె కోసం అంతగా ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే తిరిగి తనకూ ఆ ప్రశ్నే వస్తుందని అందరికీ భయం.

"నేనొక్కదాన్నే అనుకున్న అక్కా."

"అందరు గట్లనే అనుకున్నరు. నేనే అనుకోనిచ్చిన." ఆమె గొంతులో మొదటిసారి నవ్వు లేదు. "అందరి నోర్లు తెరిపిచ్చి చూసిన గని, ఒక్కలతోని గూడ బయట చెప్పియ్యలే."

చెట్లు పోయి మా ఇంటి వెనక మోరీ వస్తుంది, ఇద్దరం దాని గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూస్తున్నాం. టీబీ మందు వేసుకుంటే ఒంటికి పోయినప్పుడు ఎర్రగా వస్తుంది. నేను రక్తమనుకొని ఏడుస్తుంటే, మందు లోపలికి పోయిందనడానికి అదే సాక్ష్యమని ధైర్యం చెప్పింది ఆమే.

"పక్క పోర్షన్ల కోడలు పిల్ల, నవనీత," అంటాను. "మా ఇద్దరిళ్లకు ఒక్కటే బాత్రూము. రెండు నెలలు ఎర్రగ కనవడ్డది. పదిహేను రోజులసంది కనవడ్తలేదు. దగ్గు తగ్గిందని మందు బంద్ చేసినట్టుంది."

"చెప్పినవా?"

"ఎట్ల చెప్పాలె? నీకెట్ల తెలుసని అడుగుతది. నాకు వచ్చిందని చెప్పాలె. మా అత్తకే ఇంకా తెల్వదు. నువ్వుంటె చూసుకునేదానివి."

"లేను గదా," అంటుంది లసుంబాయక్క.

వెనక దగ్గు మళ్లీ మొదలవుతుంది, ఆమె అటువైపు నడుస్తుంది, నేను వెనకాలే పరిగెత్తుతాను, ఎంత పరిగెత్తినా ఆమె వీపే కనబడుతుంది, దగ్గు మాత్రం దగ్గరవుతూ ఉంటుంది.

కళ్లు తెరిచాను. తెల్లారింది. దగ్గు ఆగలేదు, గోడ అవతలి నుంచి వస్తోంది.

బయటికి వెళ్లేసరికి నవనీత అప్పుడే అరుగు మీద చాట పెట్టుకొని కూర్చొని ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లతో. నేను పక్కన కూర్చున్నాను. ముందు ఎండ గురించి ఏదో అన్నాను, ఈ వయసులో ఇదేం పిరికితనమని నా మీద నాకే కోపం వచ్చింది.

"ఆ గోలీలు మళ్ల మొదలువెట్టు బిడ్డా. దవాఖానకు నేనొస్త. నాకు గూడ టీబీ వచ్చింది, పదహారేండ్ల కింద."

ఆ పిల్ల నన్ను చూడలేదు. ఎవరైనా విన్నారేమోనని భయంగా గల్లీ వైపు చూసింది. "మెల్లగ అత్తా," అంది.

నేను ఇంకొంచెం గట్టిగా చెప్పాను.

ఎదురుగా వాకిలి ఊడుస్తున్న సత్తెమ్మ చీపురు ఆగింది. ఆమె నడుం ఎత్తి మా వైపు చూసింది. తర్వాత చీపురు గోడకు ఆనించి, గల్లీ దాటి వచ్చి నవనీతకు అటువైపు కూర్చొని, ఆ పిల్ల చాటలోంచి నాలుగు ఆకులు తీసుకొని బీడీ చుట్టడం మొదలుపెట్టింది.