పచ్చగా వెలిగితే కీడు

నేను ఒక మెరుపు మందును. మేక నెత్తురులోంచి తీసి, మెరిసే రంగు అతికించి, మంచు పెట్టెలో ఈ పశువుల ల్యాబుకు పంపారు. చిన్న గాజు బుడ్డిలో, చీకట్లో ఉంటాను. వెలుతురు తగిలితే నా పస పోతుంది.

నా వ్యాపారం సూటిది. చచ్చిన జంతువు మెదడును గాజు పలక మీద పూసి నన్ను ఒక చుక్క వేస్తారు. అందులో పిచ్చికుక్క రోగం వైరస్ ఉంటే ఆ కణాలను పట్టుకుని వదలను, మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతాను. లేకపోతే కడిగిన నీళ్ళతో పోతాను. బేరం లేదు, మొహమాటం అసలే లేదు. పచ్చదనం శుభమనే మనుషులు నా దగ్గర మాత్రం అది కనిపించకూడదని మొక్కుకుంటారు.

ఆ ఉదయం పాల వ్యాపారి పైడయ్య గేదె తల వచ్చింది. అతనూ, భార్య బంగారమ్మా వరండాలో కూర్చున్నారు. చచ్చేముందు గేదె మేత మింగలేక చొంగ కార్చిందట. అలాంటప్పుడు గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి వెతకడం అందరూ చేసే పనే. రోగం ఆ చొంగలోనే ఉంటుందని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

డాక్టర్ హైమవతి సూదులు వేయించుకోమంటే పైడయ్య ఒప్పుకోలేదు.

"గేదె నన్ను కరవనేదు గదమ్మా. సెయ్యి నానే ఎట్టినాను."

"గేదె నోట్లో సెయ్యెట్టడానికి బయం నేదు, సూదికి బయం," అంది బంగారమ్మ. "ఏయించుకో మావా. నువ్వు పోతే మిగిలిన గేదెల పాలెవులు పితుకుతారు?"

"ముందు రిజల్టు రానీ."

హైమవతి మైక్రోస్కోపులోకి చూసింది. నల్లటి చీకట్లో ఆకుపచ్చ చుక్కలు, ఆవాలు చల్లినట్టు. పలక మార్చి చూసింది. అక్కడా నేనే.

తలుపు తెరిచే ఉంది, మాటలు వినిపించాయి.

"పిచ్చి రోగమే. ఇంక వాదన లేదు, సూదికి పదండి. మీతో పాటు ఇంకెవరైనా చెయ్యి పెట్టారా?"

పైడయ్య భార్య వైపు చూశాడు. "నా సెయ్యి లావమ్మా. పళ్ళ కాడే ఆగిపోనాది. దీనిదే సన్నం. గొంతు దాకా ఎట్టింది."

బంగారమ్మ కుడి చెయ్యి కొంగులో దాచుకుంది. హైమవతి దాన్ని బయటికి తీసి చూసింది. చూపుడువేలి మీద కొడవలి కోత, అప్పటికే మూసుకుపోయింది.

"చెయ్యి పెట్టి ఎన్నాళ్ళయింది?"

"వారం దాటిపోనాదమ్మా. పసుపు అద్దినాను, మానిపోనాది."

ఆ చెయ్యి వదలకుండానే హైమవతి జీపు తెమ్మని కేకేసింది.

నన్ను మళ్ళీ చీకట్లో పెట్టారు. నాకు తెలిసిన సరుకు చచ్చిన మెదడు ఒక్కటే. బతికున్న ఆ వేలిలోకి వైరస్ దిగిందో లేదో, దిగితే నరాల వెంట మెదడు వైపు పాకుతూ మోచెయ్యి దాటిందో, భుజం దాటిందో నేను చెప్పలేను. నేను చెప్పగలిగే రోజున ఆమెకు నాతో పని ఉండదు.