పడటం ఉచితం, లేవడానికి సగం నడక

గోడలు లేని గేట్లు మైదానం నిండా నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికీ గొళ్ళెం వేసే ఉంది, ఏ గొళ్ళెమూ తియ్యకుండా పక్కనుంచి హాయిగా నడిచిపోవచ్చని కళ్ళకు కనిపిస్తూనే ఉన్నా భానోజీ మాత్రం ప్రతి గేటు దగ్గరా ఆగి, గొళ్ళెం తీసి, దాటి, మళ్ళీ వేసి మరీ ముందుకు వెళ్తున్నాడు. కత్తి ఉండాల్సిన చేతిలో కోర్టు ఫైలు ఉంది. ఆఖరి గేటు అవతల ఇనుప బల్ల, బల్ల వెనక స్టూలు, స్టూలు మీద నాలుగు నెలల కిందట చనిపోయిన పైడిరాజు, పని ఎగ్గొట్టి వచ్చినవాడిలా తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"ఏట్రా, పక్కనుంచి రాలేవేటి?"

"గేటుంది కదరా."

"గోడేదీ?"

"గోడ గురించి నాకెవరూ చెప్పలేదు."

పైడిరాజు నవ్వుతాడు. బతికున్నప్పుడు కూడా ఇలాగే నవ్వేవాడు కాబట్టి భానోజీకి అనుమానం వస్తుంది. చచ్చిపోయినవాడు అచ్చం బతికున్నవాడిలా నవ్వుతున్నాడంటే ఏదో దాస్తున్నాడన్నమాటే. భానోజీ విజయనగరం కోర్టులో వకీలు, అనుమానపడటం అతని వృత్తి, ఇంట్లో కూడా అతను మానుకోలేని అలవాటు.

వాళ్ళ ఆట సంగతి ఇది. పదకొండేళ్ళపాటు ప్రతి ఆదివారం మధ్యాహ్నం, గేట్లూ గ్రిల్సూ చేసే పైడిరాజు వెల్డింగు షాపులో, షట్టరు సగం దించేసి నలుగురు మిత్రులు కూర్చునేవారు. భానోజీ, మోజెస్, ఖాదర్ ముగ్గురూ తలొక వీరుడి వేషం కట్టేవారు, నోటిమాటతోనే. పైడిరాజు కథ చెప్పేవాడు, శత్రువుల్ని నడిపేవాడు. దెబ్బ తగిలిందా తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేల్చేది. మిగతావన్నీ తేల్చడానికి దిండంత లావు రూల్ బుక్కు ఉండేది, అది భానోజీకి కంఠతా వచ్చు. పైడిరాజుకి మాత్రం పుస్తకం కన్నా ఇనుము మీద నమ్మకం. అందుకే ఆ షాపులో ఒక ఆనవాయితీ పుట్టింది. రూలుకీ నిజానికీ తగువు వస్తే అక్కడికక్కడే చేసి చూపించాలి. మెట్ల కింద బల్లెం తిప్పొచ్చా తిప్పకూడదా అన్న తగువులో భానోజీ నుదుటికి నాలుగు కుట్లు కూడా పడ్డాయి, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆఖరి ఆదివారం వచ్చిన తగువు పడుకోవడం గురించి. పుస్తకం ప్రకారం వీరుడు నేల మీద పడిపోవడానికి ఖర్చేమీ లేదు, లేవడానికి మాత్రం ఆ వంతుకి దక్కిన నడకలో సగం పోతుంది, పడుకున్నవాడికి దూరంనుంచి వేసిన బాణం దాదాపు తగలదు. ఇంకేం, భానోజీ వీరుడు తన వంతు రాగానే లేచి కొట్టి, వంతు అయ్యేలోగా ధబీమని పడిపోయేవాడు. చుట్టూ పాతికమంది విలుకాళ్ళు. పక్కన మోజెస్ వీరుడు కూలిపోయాడు, ఖాదర్ వీరుడు కూలిపోయాడు, భానోజీ వీరుడికి ఒంటి మీద గీత కూడా పడలేదు. ఒళ్ళంతా ఇనుప కవచం వేసుకున్నవాడు అలా పడుతూ లేస్తూ ఉండగలడా అని పైడిరాజుకి ఒళ్ళు మండింది. వెనక గదిలోకి వెళ్ళి, ఛాతీకీ వీపుకీ పలకలు కట్టుకుని వచ్చి, "పద్దెనిమిది కేజీలురా, సూస్కో," అని నేల మీద పడ్డాడు. లేచాడు. పడ్డాడు. ఆరోసారి లేవలేక రొప్పుతూ ఉండిపోయాడు. భానోజీ ఓడిపోయానని ఒప్పుకున్నాడు, చీకటి పడుతోందని, అతని వీరుడు నేల మీద ఉండగానే ఆట అక్కడికి ఆపేశారు. గురువారం పొద్దున్న పైడిరాజు గుండె ఆగి, షాపులోనే పోయాడు.

ఎవరూ భానోజీని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతన్ని తినేస్తోంది.

ఇప్పుడు ఇనుప బల్ల కోర్టు బోనులా పైకి లేస్తోంది, బోనులో పైడిరాజు ఉన్నాడు, కింద నిలబడి ఫైలు తిప్పుతున్న భానోజీకి ఏ పేజీలోనూ అక్షరం కనబడటం లేదు, అయినా చదువుతున్నట్టే అడుగుతున్నాడు.

"ఆ రోజు నీకు ఆయాసం వచ్చింది. నా మూలంగా వచ్చింది. అవునా కాదా?"

"దొంగాయాసంరా అది."

"ఏంటీ?"

"ఇనుము కాదురా, రేకు. నల్లరంగేస్తే మీకేటి తెలుస్తాది? డాక్టరు ఎప్పుడో సెప్పేడు, గుండె బాగోలేదు, బరువులెత్తొద్దని. మీకు సెప్తే ఆట మానీమంటారు. అందుకని రేకు కట్టుకొచ్చి రొప్పినట్టు నటించేను."

"నువ్వా? నిజం, నిజం అని పదకొండేళ్ళు మా ప్రాణాలు తోడేసినవాడివి, రేకు కట్టావా?"

"మరేటి సెయ్యమంటావు? పుస్తకంలో ఉన్నాదని నువ్వు అడ్డంగా కూకుంటే నీతో ఎలగ్గెలవడం?"

ఎక్కడో ఏదో పడుతుంది, డబడబమని ఖాళీ డబ్బా చప్పుడు. ఆ చప్పుడు భానోజీ అంతకుముందు విన్నాడు, ఎక్కడ విన్నాడో గుర్తు రావడం లేదు. గుర్తుకు తెచ్చుకుందామంటే బోను మళ్ళీ బల్లయిపోతోంది, బల్ల మీద పాత కేలెండరు అట్ట నిలబెట్టి ఉంది. దాని చాటునే పైడిరాజు శత్రువుల పాచిక వేసేవాడు, ఏ అంకె పడిందో అతను చెప్పిందే లెక్క.

"నేను నమ్మను. ఆ అట్ట వెనక నువ్వు అంకెలు మార్చేవాడివి. మేం చావాల్సిన చోట జాలిపడి బతికించేవాడివి. ఇప్పుడు కూడా అదే చేస్తున్నావు, నేను బాధపడతానని."

పైడిరాజు అట్టను కాస్త సరిచేసి నిలబెడతాడు.

"మార్చేనురా. మూడుసార్లు. మూడూ నీకే."

పదకొండేళ్ళుగా పట్టుకోవాలని చూసిన దొంగతనం ఒప్పుకుంటే భానోజీకి సంతోషం కలగాలి, కలగడం లేదు, ఏడుపు వస్తోంది.

"ఇది మాత్రం మార్చలేదు," అంటాడు పైడిరాజు.

"సాక్ష్యం?"

"సచ్చినోణ్ణి సాచ్చెం అడుగుతావేట్రా? అదలగుండనీ. నీ వీరుడు ఇంకా పడుకునే ఉన్నాడు. నాలుగు నెల్లయింది. వంతు నీది. లెగుస్తాడా, లెగడా?"

అప్పుడు చూసుకుంటాడు భానోజీ. నిలబడి ఉన్నాననుకున్నవాడు నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు, పైన గేట్ల చువ్వల మధ్యనుంచి ఆకాశం ముక్కలుగా కనిపిస్తోంది, ఎక్కడో విల్లు లాగిన చప్పుడు.

"లేస్తే బాణాలు తగుల్తాయి."

"తగల్నీ."

"సగం నడక పోతుంది."

"సగం ఉంటాది కదరా," అంటూ పైడిరాజు అట్ట వెనక పాచిక వేస్తాడు. అది దొర్లుతోంది, ఇంకా దొర్లుతోంది, అతను మొట్టమొదటిసారి అట్టను పక్కకు తీస్తున్నాడు, భానోజీ తల ఎత్తి చూడబోతున్నాడు.

మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మూడు. ఫాను తిరుగుతోంది, ఒంటి మీద బనీను తడిసిపోయింది.

భానోజీ మంచం మీద కూర్చుని కిందికి వంగి చూశాడు. మంచం కింద గోనెసంచి ఉంది. పైడిరాజు దినం అయ్యాక అతని భార్య నూకరత్నం, "ఇవి మీ ఆటవేనంట, మీ దగ్గిరే ఉంచండి అన్నయ్యా," అని ఆటోలో పంపిన పలకలు అందులో ఉన్నాయి. ఆటో అతను దాన్ని మంచం కిందికి తోస్తుంటే చూసే ధైర్యం లేక భానోజీ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు, డబడబమన్న చప్పుడు మాత్రం అక్కడికీ వినిపించింది. నాలుగు నెలలుగా దాని మీదే పడుకుంటున్నాడు, ఒక్కసారీ ముట్టుకోలేదు. ఎదుటి పార్టీ కాగితంలో కామా కూడా వదలని మనిషి, ఆ రోజు షాపులో పద్దెనిమిది కేజీలంటే నమ్మేసి, చెయ్యి పెట్టి చూడలేదు.

నేల మీదకి దిగి, గొంతుక్కూర్చుని, సంచి మూతి రెండు చేతులా పట్టుకున్నాడు. పద్దెనిమిది కేజీల కోసం నడుం బిగించి, పళ్ళు కరిచి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క లాగు లాగాడు.

సంచి గాలిలోకి లేచి వచ్చింది. దానితోపాటు భానోజీ వెనక్కి ఎగిరి గచ్చు మీద వెల్లకిలా పడ్డాడు. పలకలు బయటికి జారి, డబడబమని పక్కన పడ్డాయి.

"ఏంటండీ ఆ చప్పుడు?" వంటింట్లోంచి భార్య సత్యవేణి కేకేసింది.

"పడ్డాను."

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"లేదు. రేకు," అన్నాడు భానోజీ. కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, నవ్వు కూడా ఆగడం లేదు.

"ఏం రేకు? లేవండి ముందు."

"లేస్తున్నాను," అని, ఒక చేత్తో మంచంకోడు పట్టుకున్నాడు.