ఐసులో పెట్టిన ముక్క

దొరబాబు తెచ్చిన సీసాలో ఐసు కరిగిన నీళ్లున్నాయి. అడుగున అతని భార్య దేవి మెడలోంచి తీసిన గడ్డ ముక్క, నానబెట్టిన వేరుశెనగ గింజలా ఉంది.

"ఇందులో ఉండాల్సిన మందేదయ్యా?" అన్నాను. ఈ ల్యాబులో పదిహేనేళ్లుగా ఇలాంటి ముక్కల్ని పరీక్షకి సిద్ధం చేసేదాన్ని నేనే. నా నోరు కాస్త దురుసు.

"ఫార్మలినమ్మా. వాసనకే తెలిసిపోనాది. ఆ మందు కొట్టిన సేపని మా రేవులో ఎవులూ ముట్టరు. పారబోసి ఐసేసినాను. రెండ్రోజులూ మారుత్తానే ఉన్నాను."

శనివారం ఆపరేషన్, ఆదివారం మాకు సెలవు. ఆ రెండు రోజులూ చేపల వేటకి వెళ్లకుండా సీసాకి కాపలా కాశాడట.

మర్నాడు అతన్ని పిలిచి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి మరీ తిట్టాను. "కణం చుట్టూ పల్చటి పొర, మధ్యలో కేంద్రకం ఉంటాయి. ఏ జబ్బో ముఖ్యంగా ఆ కేంద్రకాన్ని చూసే చెప్పాలి. ఒంట్లోంచి తీశాక కణంలోని రసాలే కణాన్ని తినేస్తాయి. అది ఆపడానికే ఆ మందు. పైగా నువ్వేసిన ఐసు కరిగి, ఆ నీళ్లు లోపలికి దూరి పొరలు పగిలిపోయాయి. చూడు, ఏం మిగిలిందో."

చాలాసేపు చూశాడు. "కడుపు తియ్యని సేప లోన్నించి సివికిపోయినట్టా అమ్మా?"

అంత బాగా అర్థమైంది అతనికి. అర్థం కాకుండా చెప్పి ఉంటే బాగుండేది.

ఈలోగా దేవికి జ్వరం పట్టుకుంది; అది తగ్గి, మళ్లీ ముక్క తీసేసరికి మూడు వారాలు పట్టింది. ఏ రకం క్యాన్సరో తేలక డాక్టర్లు మందు మొదలుపెట్టలేదు. రిపోర్టు రాకముందే ఆమె పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు దొరబాబు వచ్చాడు. రిపోర్టు నా బల్ల మీదే ఉంది. తొందరగా మందు పడితే చాలామందికి నయమయ్యే రకం.

"మందుకి లొంగే రకమేనా అమ్మా?"

"కాదు," అన్నాను. "ముందే తెలిసినా లాభం ఉండేది కాదు."

అక్కడే కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ మాట కాయితం మీద రాసియ్యమ్మా. నానే సంపేసినానని మా అత్త నాతో మాటాడ్డం నేదు."

రిపోర్టు సొరుగులో పెట్టి, తెల్లకాగితం తీసుకున్నాను. చెప్పిన అబద్ధాన్నే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, కింద శ్రీసత్య అని సంతకం పెట్టాను.

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముద్ర కూడా ఎయ్యమ్మా. నేకపోతే నమ్మదు."

ముద్ర వేశాను.