పదిహేడు అంగుళాల మరదలు

ఆనంద్‌కుమార్ కారు కొన్నప్పుడు భాగ్యవతికి అసూయ కలగలేదు. ఎర్రగా, పొట్టిగా, కోపం వచ్చిన పిల్లిలా ఉన్న ఆ పోలో జీటీని ఆమె ఇంట్లోకి వచ్చిన పెంపుడు జంతువును చూసినట్టే చూసింది. తిండి ఎక్కువ, పని తక్కువ, ముద్దులన్నీ దానికే. చీపురుపల్లిలో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం చేసుకునే ఇంటికి అంత పరుగెత్తే కారెందుకని మామగారు బతికుంటే అడిగేవారు. ఆయన లేరు. అడగడానికి అత్తగారు తాయారుకి తీరిక లేదు. కారెక్కి ఎవరెవరి ఇళ్లకు వెళ్లాలో ఆలోచించుకోవడంలో ఆవిడ మునిగిపోయింది.

అసూయ చక్రాల దగ్గర మొదలైంది.

కంపెనీ వేసిచ్చిన చక్రాలు ఆనంద్ కళ్లకు ఆనలేదు. "పెళ్లికొడుక్కి రబ్బరు సెప్పులు తొడిగినట్టు ఉన్నాది భాగ్యం" అన్నాడు. అవి తీయించి అలాయ్ చక్రాలు, వెడల్పాటి టైర్లు వేయించాలన్నాడు. బాగానే ఉంది. ఎంచుకోవడానికి ఒక తోడు మనిషి కావాలి. ఆ మనిషి కళ్లెదుటే ఉంది, డిగ్రీలో లెక్కలు చదువుకుంది, ఆ క్షణానికి పనసపొట్టు కూర కూడా వడ్డిస్తోంది. ఆనంద్ మాత్రం ఫోను తీసి విజయనగరం చేశాడు, సింధూరికి.

సింధూరి తాయారు అన్నగారి కూతురు. ఆనంద్‌కి వరసైన మరదలు. ఒకప్పుడు ఈ ఇంటికే కోడలు కావలసింది, జాతకాలు కుదరలేదు. ఆ సంగతి భాగ్యవతికి పెళ్లైన కొత్తలోనే తెలిసింది, ఎందుకంటే ఇంట్లో పాలు విరిగినప్పుడల్లా తాయారు దాన్ని గుర్తు చేసుకునేది. సింధూరి భర్తది ఓడ మీద ఉద్యోగం. ఆమె ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది, తన కారు తనే నడుపుతుంది, ఆ కారుకు నల్లటి అలాయ్ చక్రాలు వేయించుకుంది. ఆనంద్ దృష్టిలో ఇంతకు మించిన చదువు లేదు.

"ఒసే సింధూ, అయిదు సువ్వలవా, పది సువ్వలవా?"

"అయిదే బావా. పదైతే సందుల్లో మట్టి కడగలేవు."

కడిగేది ఎవరో భాగ్యవతికి తెలుసు. పొయ్యి మీద ఇంకా ఉప్పు వెయ్యని కూర తెచ్చి మొగుడి కంచంలో ఒక గరిటెడు వడ్డించి చూసింది. తినేశాడు.

"నాకూ సూపించండి" అంది.

ఫోను ఇటు తిప్పకుండానే నవ్వాడు. "నీకు ఇందులో ఏటి తెలుస్తాది భాగ్యం? సూస్తే అన్నీ గుండ్రంగానే ఉంటాయి."

ఆ మాట అన్నాక అతను మజ్జిగ పోసుకున్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట గొంతు దిగలేదు.

పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ఈ మనిషి ఆమెను ఒకసారి చూసి, ఒకసారి గడియారం చూసుకుని, జంతికలు తిని వెళ్లిపోయాడు. చీరలు చూపిస్తే "ఏదైనా బాగున్నాది" అంటాడు. అలాంటివాడు ఇప్పుడు చక్రాలను ఎండలో ఎలా ఉంటాయి, నీడలో ఎలా ఉంటాయి, పక్కనుంచి చూస్తే నడుం ఎలా కనిపిస్తుంది అని విచారిస్తున్నాడు. పైగా ఆ విచారణ మరదలితో. ఫోను పెట్టేశాక కూడా అతని ముఖం మీద ఆ నవ్వు కాసేపు ఉంటుంది, వంట దించాక పొయ్యి గడ్డ మీద వేడి ఉన్నట్టు. భాగ్యవతి ఆ వేడి దగ్గరే కూర్చుని వత్తులు చేసుకునేది.

చివరికి ఒక మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుండగా, ఆమె కారు దగ్గర గొంతుక్కూర్చుని టైరు చదివింది. నూట ఎనభై అయిదు, అరవై, పదిహేను అని ఉంది. అర్థం ఏమిటో ఫోనులో వెతికితే పిల్లల లెక్కలా ఉంది. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత వంతు టైరు పక్కగోడ ఎత్తో చెప్తుంది. మూడోది లోపలి చక్రం ఎన్ని అంగుళాలో. ఆనంద్, సింధూరి కలిసి ఖాయం చేసుకున్నది రెండువందల పదిహేను, నలభై అయిదు, పదిహేడు. అది ఆమె అడగకుండానే తెలిసింది; ఆ ఇంట్లో వారం రోజులుగా ఆ అంకెలు తప్ప మరో మంత్రం వినపడలేదు.

పెరట్లో గచ్చు మీద మేకు పెట్టి, దారం కట్టి, ముగ్గుపిండితో రెండు సున్నాలు గీసింది. ఒకటి ఉన్న చక్రం, ఒకటి రాబోయే చక్రం. అసలు కొలతలకు సరిగ్గా.

తాయారు లేచి వచ్చింది. "ఏటే కోడలా, రథసప్తమి ఎల్లిపోనాది గదా, ఇప్పుడీ సక్రాలేటి?"

"రథం ముందొచ్చీసింది గదా అత్తయ్యా. సక్రాలు ఎనకాల వస్తన్నాయి."

కొత్త చక్రం పైకి ఒక వేలు మందం లేస్తుంది. పక్కకి రెండు వేళ్లు పొడుచుకొస్తుంది. భాగ్యవతి వెళ్లి వెనక చక్రానికీ, దాని మీద వంగిన రేకుకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. సరిపోతుంది. కారు ఖాళీగా ఉంటే. బరువెక్కితే రేకు కిందికి దిగి టైరుకి తగులుతుంది.

అక్కడే ఆమెకు నవ్వొచ్చింది. ఆ కారు ఖాళీగా ఎప్పుడుంటుంది? తాయారుకి ఒక పట్టింపు ఉంది: ఖాళీ సీటుతో బండి గుమ్మం దాటకూడదు, లక్ష్మి దిగిపోతుంది. సీటు మిగిలితే పక్కింటివాళ్లనైనా పిలిచి ఎక్కిస్తుంది. వెనక డిక్కీలో ఎవరో ఒకరికి పంపవలసిన బెల్లం బుట్ట ఉండనే ఉంటుంది. దుకాణంలో పుట్టి పెరిగిన ఆనంద్ ఆ పట్టింపు మధ్యే కళ్లు తెరిచాడు గనుక దాన్ని ఒక బరువుగా ఎన్నడూ లెక్కపెట్టలేదు. సింధూరి తన కారులో ఒంటరిగా తిరిగే మనిషి.

న్యాయంగా చెప్పాలంటే, భాగ్యవతి ఒకసారి చెప్పబోయింది. "ఏమండీ, ఎనక సీట్లో మనుసులు కూకుంటే..." అంది. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. అవతల సింధూరి ఏదో అంది, అతను పకపకా నవ్వాడు.

ఆమె ఆగింది. అంత బాగా ఆగడం ఆమెకే ఆశ్చర్యం వేసింది.

చక్రాలు వేయించడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు విజయనగరంలో సింధూరిని ఎక్కించుకున్నాడు. అతని చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది భాగ్యవతే. సాయంత్రం కారు వీధిలోకి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి చూసింది. బాగోలేవని అనుకుందామని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. నిప్పు మీద కాల్చిన ఇనుములా మెరుస్తున్నాయి. కారు ఒళ్లు విరుచుకుని నిలబడింది. సింధూరికి కళ్లున్నాయి. అదే మరీ మంట.

శనివారం రామతీర్థంలో పూజ చేయించాలని తాయారు తీర్మానించింది. సింధూరి పొద్దున్న రైలుకే దిగింది. కోటబొమ్మాళి నుంచి తాయారు అక్క కూర్మమ్మ వచ్చింది. ఆవిడ అరుగు మీద కూర్చుంటే ఇక ఎవరికీ చోటుండదు. చక్రాలకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, కింద నిమ్మకాయలు పెట్టారు. డిక్కీలోకి పులిహోర డేకిసా, బెల్లం బుట్ట చేరాయి.

"సింధూ, నువ్వు ముందు కూకో. సక్రాలు ఎలా తిరుగుతన్నాయో నీకైతే తెలుస్తాది" అంది తాయారు.

భాగ్యవతి వెనకాల, తాయారుకీ కూర్మమ్మకీ మధ్య కూర్చుంది. అక్కడి నుంచి ముందు సీట్లో రెండు తలలు బాగా కనిపించాయి. గరివిడి దాటే దాకా అతను చక్రాలను పొగిడాడు, సింధూరి చక్రాల్లో అతని ఎంపికను పొగిడింది. గుర్ల దగ్గర స్పీడు బ్రేకరు వచ్చింది.

సర్ర్‌ర్ మంది.

"ఏటా సప్పుడు?" అన్నాడు ఆనంద్.

"నిమ్మకాయ ఇరుక్కున్నాదేమో" అంది తాయారు.

మరో గుంత. మళ్లీ సర్రుమంది, ఈసారి కాలిన రబ్బరు వాసనతో. ఆనంద్ కారాపి దిగాడు. అందర్నీ దించి, వంగి, పడుకున్నంత పనిచేసి చూశాడు. ఏమీ లేదు. అందరూ దిగి ఉండగా ముందుకూ వెనక్కూ నడిపాడు. చప్పుడు లేదు. ఎక్కారు. సర్రుమంది.

"బావా, ఎనకాల బరువు ఎక్కువైనట్టున్నాది" అంది సింధూరి మెల్లగా.

ఆనంద్ తనకు తెలియకుండానే కూర్మమ్మ వైపు చూశాడు. అంతే.

"ఏటి? నా గురించేనా? కోటబొమ్మాళి నుంచి రైల్లో వొచ్చేను, రైలు కిక్కురుమనలేదు! నీ సక్రాలకి నేనే దొరికేనా?" ఆవిడ చింతచెట్టు కింద రాయి మీద కూలబడి, ఇక ఆ బండి ఎక్కనంది.

అప్పుడు భాగ్యవతి పుల్ల తీసుకుని మట్టిలో రెండు సున్నాలు గీసింది. "పైకి ఒక వేలు, పక్కకి రెండు వేళ్లు. ఖాళీ కారుకి సరిపోతాది. మన కారు ఖాళీగా ఉండదు. పదహారుకి దిగాలి. నూట తొంభై అయిదు, యాభై, పదహారు. పాత సక్రం ఎత్తే వస్తాది, అందమూ పోదు. అయిదు సువ్వలవే వెయ్యించండి, కడగడానికి సులువు."

ఆనంద్ సున్నాలను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు, పెళ్లిచూపులనాటి కంటే చాలాసేపు. "నీకెలా తెలిసినాది?"

"అన్నీ గుండ్రంగానే ఉంటాయి గదండీ. మాకు కాలేజీలో గుండ్రాలు కొలవడమే నేర్పేరు."

"మరి ముందే సెప్పలేదేటి?"

"సెప్పబోయేను. మీరు అరసెయ్యి సూపించేరు."

ఆ అరచెయ్యితోనే అతను మెడ రుద్దుకున్నాడు.

కూర్మమ్మను బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనకాల తాయారు ఒక్కర్తే, రెండు సీట్లు ఖాళీ అయ్యాయని గొణుక్కుంటూ పులిహోర డేకిసాను ఒక సీట్లో, బెల్లం బుట్టను ఇంకో సీట్లో పెట్టుకుంది. భాగ్యవతి, సింధూరి ఆటో ఎక్కారు.

నెల్లిమర్ల దాకా ఇద్దరూ రోడ్డు చూశారు. తర్వాత సింధూరి అంది: "అక్కా, పదిహేడు ఎందుకు సెప్పేనో తెలుసా? రోజూ ఆఫీసు నుంచి వొచ్చేసరికి ఫోను. ఏదో ఒకటి సెప్తే ఆపుతాడని సెప్పేను. ఆపలేదు."

భాగ్యవతికి ఊపిరి తేలికవ్వాలి. కాలేదు. వారాల తరబడి తను కుమిలింది, అవతలి మనిషికి అక్కర్లేని వస్తువు కోసమన్నమాట. అది ఇంకో రకం అవమానం.

"మరి ఫోను తీయడమెందుకు?"

సింధూరి చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "మా ఆయన ఓడలో ఉంటే సిగ్నలుండదు. బావ మాటాడతా ఉంటే ఎనకాల నీ గిన్నెల సప్పుడు, 'ఇంకొంచెం యెయ్యనా' అని నువ్వడగడం వినపడేది. ఆ సప్పుడు కోసం తీసేదాన్ని. నాకూ కుళ్లే అక్కా, నీ ఒక్కర్దానికే అనుకున్నావేటి?"

"వొచ్చే ఆదివారం భోజనానికి రా" అంది భాగ్యవతి. ఆ కూరలో ఉప్పు వేస్తానని మనసులోనే ఒప్పుకుంది.

పదహారు వచ్చాయి. గుర్ల స్పీడు బ్రేకరు మీద కూర్మమ్మతో సహా దాటినా కారు నోరెత్తలేదు. ముందు సీటు భాగ్యవతిదయింది. దాంతోపాటు అతని కబుర్లూ ఆమెవే అయ్యాయి. గాలి ఎంత పెట్టాలి, నైట్రోజనా మామూలు గాలా, టైరు గాడుల్లోంచి నీళ్లు ఎటు పోతాయి. వత్తులు చేసుకుంటూ, బియ్యం ఏరుకుంటూ, కునికిపాట్లు పడుతూ వినేది. ఇంతసేపు మాట్లాడే మనిషిని సింధూరి ఎలా భరించిందోనని జాలి కూడా వేసింది.

ఒక సాయంత్రం అతను ఆమె ఆవలింత చూశాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు: "నీకు నిద్దరొస్తన్నట్టున్నాది. సక్రాల ఎనకాల కట్టే మడ్‌ఫ్లాపుల సంగతి సింధూని అడుగుదునా?"

భాగ్యవతి చేట పక్కన పెట్టి నిటారుగా కూర్చుంది.

"అక్కర్లేదు. నాకే సెప్పండి. ఎన్ని రకాలున్నాయేటి?"