ముద్ద పెట్టే చెయ్యి

నీలిమ సంగటి కెలుకుతుంటే మొగుడు భానుప్రకాశ్ ఫోన్ చూసి చదివి వినిపిస్తున్నాడు, ఆపదలో ఏ జాతి కుక్క అక్కరకొస్తుందో. అలిసిపోకూడదట. పెట్టింది తినాలట. ఊరికే మొరగకూడదట. ఏం జరిగినా యజమానిని వదిలి పోకూడదట. పదకొండేళ్లుగా ఆ కొలువు ఈ ఇంట్లో ఎవరు చేస్తున్నారో ఆయనకు తట్టలేదు.

కుప్పం అవతల, అడవి అంచు ఊళ్లో వాళ్ల ఇల్లు. ఏనుగులు చేలల్లోకి దిగినప్పటి నుంచి ఆయనకు ముందుజాగ్రత్త పిచ్చి పట్టింది. టార్చి, తాడు, మందులు, బిస్కెట్లు సంచిలో సర్దింది నీలిమ. సర్దానని నలుగురికీ చెప్పుకున్నది ఆయన.

పోయిన నెల పాలు పితికే వేళకు ఏనుగు దొడ్డిగోడ దాకా వచ్చింది. నీలిమ ఆవు పలుపు విప్పుతోంది. ఆయన ఇంట్లోకి పరుగెత్తి తలుపు గడియ పెట్టుకున్నాడు. ఆమె బాదింది, పిలిచింది, ఏడ్చింది. తియ్యలేదు. ఏనుగు తనంతట తానే చెరుకుతోట వైపు మళ్లింది. "బయంలో ఏందో చేసినాడు, వాని పరువు తియ్యబాకమ్మా" అంది అత్త కృష్ణమ్మ. నీలిమ మదనపల్లెలో ఉన్న కన్నతల్లికి కూడా చెప్పలేదు. కానీ అప్పటి నుంచి ఒంట్లో కుదురు లేదు. బట్టలు ఉతుకుతున్నా, అంట్లు తోముతున్నా, ఎటు పరుగెత్తాలా అని కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. ఏనుగు భయం ఎప్పుడో పోయింది. ఆ తలుపు మాత్రం పోలేదు.

ఆదివారం కుక్కపిల్ల కోసం పుంగనూరు బయల్దేరారు. బస్సులో దొరికిన ఒక్క సీట్లో ఆయన కూర్చుని జాతుల గురించి చెబుతుంటే, పలమనేరు దాకా ఆమె నిలబడి వింది.

కుక్కల్ని పెంచి అమ్మే గోవిందస్వామికి ఒక పట్టు ఉంది. ఇంట్లో తిండి పెట్టేవాళ్లు వచ్చి, ఆయన కళ్లముందే చేత్తో సంగటి ముద్ద తినిపిస్తేనే పిల్లను ఇస్తాడు.

"పెట్టేదెవురు?" అని అడిగాడు.

"ఆమే. పెట్టేది, కడిగేది అంతా ఆమే" అన్నాడు భానుప్రకాశ్. "ఆపదొస్తే మాత్రం నా పక్కనే ఉండల్ల."

"అట్ల కుదరదప్పా. ముద్ద పెట్టినోళ్ల పక్కనే ఉంటాది ఇది."

"ఆమె పెట్టినా నా మాటే వినే జాతి ఏదన్నా ఉండాదా?"

గోవిందస్వామి సంగటి గిన్నెను నీలిమ ముందుకు జరిపాడు. "కుక్కల్లో లేదప్పా."

నీలిమకు ముందు సిగ్గేసింది. వెనకే కోపం వచ్చింది. "పా, ఇంకోసారి సూద్దాం" అంటూ భానుప్రకాశ్ అప్పటికే గేటు దగ్గరకు నడిచాడు.

ఆమె కదల్లేదు. కింద కూర్చుని ముద్ద తీసుకుంది. పిల్ల వాసన చూసి, తిని, వేళ్లు నాకింది.

"అన్నా" అంది నీలిమ, గేటు దాకా వినబడేట్టు. "ఏనుగొచ్చి మా ఆయన లోపల గడియ పెట్టుకుంటే, ఇది బయట నాతోనే ఉంటాది గదా? పోయినసారి నేనొక్కదాన్నే ఉంటిని."